ఫైబర్ బోటు వెనక పలకకు ఔట్‌బోర్డ్ బ్రాకెట్ బిగించాలి: బోల్టులు, లోపలి ప్లేటు, ఎత్తు గురించి సలహా కావాలి

భైరవపాలెం_మొగ

అందరికీ నమస్కారం. మా బాబాయిది 24 అడుగుల ఫైబర్ బోటు. లోపల డీజిల్ ఇంజిన్, కింద షాఫ్టు, ప్రొపెల్లర్, దాని వెనక చుక్కాని. కాకినాడ ఉప్పుటేరులో కట్టుకుంటాం, వేట గౌతమి మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, దానికి అవతల. పోయిన సీజన్లో మొగ దాటుతుండగా డీజిల్‌లో నీళ్లు చేరి ఇంజిన్ ఆగిపోయింది. ఆటు వేళ. నది నీళ్లు బయటికి తోస్తున్నాయి, ఎదురుగా కెరటం విరుగుతోంది. లంగరు పట్టేలోపు బోటు అడ్డం తిరిగింది. పక్క బోటు వాళ్లు తాడు విసిరి లాగారు కాబట్టి అందరూ క్షేమంగా ఇల్లు చేరారు. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే మాట, రెండో ఇంజిన్ ఉండాల్సిందే అని.

9.9 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్, లాంగ్ షాఫ్ట్ ఔట్‌బోర్డ్, అంటే బోటు వెనక బయట తగిలించే ఇంజిన్, తీసుకున్నాం. ఎత్తి దించుకునే అల్యూమినియం బ్రాకెట్ కూడా వచ్చింది, స్ప్రింగు ఉన్న రకం. దానికి నాలుగు రంధ్రాలున్నాయి. వెనక పలక, అంటే ట్రాన్సమ్, మందం సుమారు 45 మిల్లీమీటర్లు. లోపలా బయటా ఫైబర్, మధ్యలో ప్లైవుడ్. షాపతను నాలుగు లావుపాటి మరలు చేతిలో పెట్టి, "ఇవి బిగించి చుట్టూ సిలికాన్ పూసేయండి, చాలు" అన్నాడు. నాకు నమ్మకం కుదరడం లేదు. వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది, ఈలోపే పని పూర్తి చేయాలి. ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.

హార్బర్_ఫిట్టర్_వైజాగ్

తమ్ముడూ, ఆ మరలు తిరిగి ఇచ్చెయ్. ఇంజిన్ బరువు మోసే చోట చెక్కలోకి దిగే మర పనికిరాదు. బోల్టు పలకలో ఈ పక్క నుంచి ఆ పక్కకి వచ్చి, లోపల ప్లేటు మీద నట్టు పడాలి. దీంట్లో రెండో మాట లేదు.

ఎందుకో లెక్క చెబుతాను. అందరూ ఇంజిన్ బరువు గురించే టెన్షన్ పడతారు. ఇంజినూ బ్రాకెట్టూ కలిపి 50 కిలోలు, పలక నుంచి 30 సెంటీమీటర్లు వెనక్కి వేలాడుతున్నాయి అనుకో. పై బోల్టులకీ కింది బోల్టులకీ మధ్య దూరం 20 సెంటీమీటర్లు అయితే, పై రెండు బోల్టుల మీద పడే లాగుడు 75 కిలోలు. ఇది చిన్నదే. ఇప్పుడు ఇంజిన్ నడుపు. ప్రొపెల్లర్ పూర్తి జోరు మీద బోటుని ముందుకి తోసే బలం ఇంచుమించు 90 కిలోలు అనుకుందాం. ఆ తోపు ఎక్కడ ఉంది? బ్రాకెట్ అడుగు నుంచి 60 సెంటీమీటర్ల కింద, నీళ్లలో. అంటే బ్రాకెట్ కింది అంచు పలకలోకి గుచ్చుకుంటుంది, పై భాగం పలక నుంచి ఊడి రావాలని చూస్తుంది. ఆ లాగుడు 270 కిలోలు. రెండూ ఒకే దిక్కున పనిచేస్తాయి కాబట్టి కలిపితే 345. కెరటం మీద బోటు ఎగిరి పడితే బరువు వాటా మూడు నాలుగు రెట్లవుతుంది.

10 మిల్లీమీటర్ల మంచి స్టీలు బోల్టు ఒక్కటే రెండు టన్నులకు పైగా ఓర్చుకుంటుంది. కాబట్టి బోల్టు తెగదు. నట్టు కింద ఉన్న చిన్న వాషరు ఫైబర్‌లోకి దిగబడుతుంది, లోపలి చెక్క నలుగుతుంది, బోల్టు వదులవుతుంది, రంధ్రంలోంచి ఉప్పునీళ్లు చెక్కలోకి పోతాయి. మా హార్బర్లో ఊడిపోయిన బ్రాకెట్లు చూశాను. వాటిలో చాలా వరకు పై బోల్టుల దగ్గరే మొదలైంది.

భైరవపాలెం_మొగ

అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ప్లేటు ఎంత ఉండాలి, దేంతో చేయించాలి? ఇక్కడ వెల్డింగ్ షాపులో ఇనుప ప్లేటు కోసి ఇస్తానంటున్నారు.

హార్బర్_ఫిట్టర్_వైజాగ్

మామూలు ఇనుము వద్దు, బోటు అడుగున చేరే నీళ్ల తేమకే తుప్పు పట్టి ఉబ్బుతుంది. 6 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు, సముద్రపు గ్రేడు 5083 గానీ 5052 గానీ. దొరకకపోతే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు 4 మిల్లీమీటర్లు. నాలుగు బోల్టులూ ఒకే ప్లేటు మీద పడాలి, ప్రతి బోల్టు నుంచీ ప్లేటు అంచు కనీసం రెండు అంగుళాలు దూరం ఉండాలి. పై వైపు ఇంకా కాస్త ఎక్కువ ఇవ్వు, లాగుడు అక్కడే కాబట్టి. ప్లేటు మూలలు గుండ్రంగా రుద్దు. పదును మూల ఉంటే అక్కడి నుంచే ఫైబర్ చీలుతుంది.

ఫైబర్_మేస్త్రి

ఫిట్టర్ అన్న చెప్పిందంతా నిజం. కానీ ఒకటి ముందు చూడాలి. పలక లోపలి చెక్క బాగుందా లేదా అన్నది తేలకుండా ప్లేటు గురించి మాట్లాడి లాభం లేదు. నేను కాకినాడ చుట్టుపక్కల ఫైబర్ బోట్లు పోస్తాను, మరమ్మతులు చేస్తాను. పాత బోట్లలో వెనక పలక పైకి గట్టిగా కనిపిస్తుంది, లోపల నానిన అటుకుల్లా ఉంటుంది.

ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్ తిరగేసి, పిడితో పలకంతా తట్టు. మంచి చోట టకటకమని గట్టి శబ్దం వస్తుంది. పాడైన చోట మొద్దుగా, బోలుగా వినిపిస్తుంది. అనుమానం వచ్చిన చోట లోపలి వైపు నుంచి 6 మిల్లీమీటర్ల డ్రిల్లుతో ఒక రంధ్రం వెయ్యి. బయటి ఫైబర్ తగలకముందే ఆపు. వచ్చిన పొట్టు తెల్లగా, పొడిగా ఉంటే సరే. నల్లగా, తడిగా, పులిసిన వాసనతో వస్తే పని మారిపోతుంది. మోటారు పంపు పైపో, నీళ్లు బయటికి పోయే కన్నమో పలకలోంచి పోయి ఉంటే దాని చుట్టూ మొదట చూడు. నీళ్లు చేరేది ఎక్కువగా అలాంటి చోటే.

గాల్వెస్టన్_తెరచాప

నేను టెక్సాస్‌లో ఉంటాను, గాల్వెస్టన్ బేలో చిన్న తెరచాప పడవ ఉంది. ఇక్కడ 25 అడుగుల లోపు తెరచాప పడవల్లో చాలావాటికి ఇంజిన్ ఇలా వెనక బ్రాకెట్ మీదే ఉంటుంది, కాబట్టి మీ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను.

ఒక మాట కలుపుతాను. ఔట్‌బోర్డ్ వాడని వేళ ఎత్తి ఉంచుతారు కదా. అప్పుడు ఇంజిన్ బరువు పలక నుంచి ఇంకా వెనక్కి జరుగుతుంది, అంటే లాగుడు ఇంకా పెరుగుతుంది. మీరు ఎక్కువ సేపు నడిపేది లోపలి డీజిల్ ఇంజిన్ మీదే. అంతసేపూ ఔట్‌బోర్డ్ ఎత్తిన స్థితిలో కెరటాల మీద ఊగుతూనే ఉంటుంది. అందుకని బ్రాకెట్ ఎత్తినప్పుడు గొళ్లెం పూర్తిగా పడిందో లేదో చూసి, ఇంజిన్ కాలిని, అంటే నీళ్లలోకి దిగే కింది భాగాన్ని, బోటుకు ఒక తాడుతో బిగించి కట్టండి. బ్రాకెట్ మీద ఎంత బరువు వరకు అని రాసి ఉంటుందో అది కూడా చూడండి. హార్స్‌పవర్ సరిపోయినా, ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు పాత టూ స్ట్రోక్ వాటికంటే బరువు కాబట్టి కొన్ని పాత రకం బ్రాకెట్లకు అది ఎక్కువైపోతుంది.

భైరవపాలెం_మొగ

మేస్త్రి గారూ, మీరు చెప్పినట్టే తట్టి చూశాం. ఎడమ వైపు అంతా గట్టిగా ఉంది. కుడి వైపు, పంపు నీళ్లు బయటికి పోయే గొట్టం చుట్టూ జానెడు మేర మొద్దు శబ్దం. అక్కడ రంధ్రం వేస్తే నల్లటి తడి పొట్టు వచ్చింది. మేం బ్రాకెట్ పెడదామనుకున్నది సరిగ్గా అక్కడే. ఇప్పుడు ఎడమ వైపు పెట్టేస్తే సరిపోతుందా, కుడి వైపు వదిలేయొచ్చా?

నిజాంపట్నం_సరంగు

వల ఏ వైపు నుంచి లాగుతారు బాబూ? ముందు అది చెప్పు. వల లాగే వైపు ఇంజిన్ కాలు ఉంటే తాడు తగులుకుంటుంది, రాత్రి పూట ఎవరూ చూడరు. వల కుడి నుంచి లాగితే బ్రాకెట్ ఎడమకే పెట్టాలి, చెక్క సంగతి ఎలా ఉన్నా.

భైరవపాలెం_మొగ

కుడి నుంచే లాగుతాం పెద్దాయనా. అయితే ఎడమకే.

ఫైబర్_మేస్త్రి

ఎడమకి పెట్టు, కానీ కుడి వైపు వదలకు. తడి ప్లైవుడ్‌లో నీళ్లు ఒక పొర నుంచి ఇంకో పొరకి పాకుతాయి. రెండో ఏడు ఎడమ వైపుకి వస్తాయి. నిషేధం టైములో బోటు ఒడ్డునే ఉంటుంది కదా, ఇప్పుడే చేయించెయ్.

బయటి ఫైబర్ ముట్టుకోవద్దు. లోపలి వైపు నుంచి, మొద్దు శబ్దం వచ్చిన చోటు దాటి ఇంకో నాలుగు అంగుళాలు చుట్టూ గీసి, లోపలి ఫైబర్ పొర మాత్రం కోసి తియ్యి. పాడైన చెక్కంతా ఉలితో గీకు, మంచి చెక్క కనిపించేదాకా. బయటి ఫైబర్ లోపలి ముఖాన్ని గరుకుగా రుద్ది, ఎసిటోన్‌తో తుడిచి, ఎండనివ్వు. కొత్త ప్లైవుడ్ ఐ.ఎస్. 710 ముద్ర, అంటే సముద్రపు ప్లైవుడ్ ముద్ర, ఉన్నదే తీసుకో. షాపులో "వాటర్‌ప్రూఫ్" అని ఐ.ఎస్. 303 ముద్ర ఉన్నది చూపిస్తారు. అది ఇంట్లో కిచెన్ అలమరాలకి, బోటుకి కాదు. ముక్క అంచులకి కూడా ఎపాక్సీ రెసిన్ తాగించు, చెక్క నీళ్లు పీల్చేది అంచుల్లోంచే. చిక్కటి ఎపాక్సీ రాసి ముక్కని అతికించి, ఎండేదాకా బలంగా నొక్కి ఉంచు. దాని మీద ఫైబర్ పొరలు. పాత ఫైబర్ అంచుని వాలుగా రుద్దాలి. పొర 3 మిల్లీమీటర్లుంటే వాలు కనీసం 36 మిల్లీమీటర్లు, అంటే పన్నెండు రెట్లు. నిటారుగా కోసి పక్కన అతికిస్తే ఆ గీత దగ్గరే చీలుతుంది.

రెసిన్ సంగతి బాగా గుర్తుపెట్టుకో. మన బోట్లు పోసేది పాలియెస్టర్‌తో. దాని మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది. ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగ్గా పట్టదు. కాబట్టి ఎపాక్సీతో మొదలుపెడితే చివరిదాకా అదే వాడు. ఎపాక్సీకి నేత గుడ్డ ఫైబర్ వాడు. మామూలు మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్‌లో కరగడానికి చేసింది, ఎపాక్సీలో సరిగ్గా కరగదు, మ్యాట్ లోపలిదాకా తడవదు.

పులికాట్_పడవ

మా వైపు సరస్సు లోతు తక్కువ, కాబట్టి మేం ఎప్పుడూ అడుగే చూస్తాం. సముద్రంలోకి వెళ్లేవాళ్లకి ఎత్తు సంగతి వేరే కదా. బ్రాకెట్ ఎంత ఎత్తులో పెట్టాలో ఎవరూ చెప్పలేదు.

హార్బర్_ఫిట్టర్_వైజాగ్

మంచి ప్రశ్న. ఎక్కువమంది ఎత్తు దగ్గర కొలత లేకుండా కళ్లతో అంచనా వేస్తారు.

షార్ట్ షాఫ్ట్ అంటే 15 అంగుళాలు, లాంగ్ 20, ఎక్స్‌ట్రా లాంగ్ 25. ఇంజిన్ కొక్కేలు కూర్చునే చెక్క పై అంచు నుంచి, ప్రొపెల్లర్ మీద ఉండే అడ్డ రేకు దాకా ఉన్న దూరమే అది. నీటి మీద పరిగెత్తే స్పీడు బోట్లలో ఈ రేకు బోటు అడుగుతో సమంగా ఉంటే చాలు. వెనక్కి జరిగే బ్రాకెట్ అయితే జరిగిన ప్రతి అడుక్కీ ఒక అంగుళం పైకి పెట్టుకోవచ్చు, బోటు వెనక నీళ్లు పైకి లేస్తాయి కాబట్టి. మీది ఆ రకం కాదు. మీ బోటు నీళ్లు కోసుకుంటూ నెమ్మదిగా పోయేది. ఇక్కడ లెక్క నీటి గీత నుంచే.

బోటుని నీళ్లలో దించి, వలలు, ఐసు, డీజిలు, మనుషులు ఎక్కి, మామూలుగా వేటకి వెళ్లే బరువు మీద పలక మీద నీటి గీత పెన్సిల్‌తో గుర్తు పెట్టు. తర్వాత ఖాళీ బోటు గీత కూడా పెట్టు. బ్రాకెట్ దించిన స్థితిలో చెక్క పై అంచు ఖాళీ బోటు గీతకి 16 అంగుళాల ఎత్తులో ఉండాలి. 20 అంగుళాల షాఫ్ట్‌తో రేకు నీళ్లలో 4 అంగుళాలు మునుగుతుంది. బరువు ఎక్కాక ఇంకా దిగుతుంది, మంచిదే. కానీ నిండు బరువు మీద ఇంజిన్ తల, గాలి పీల్చే చోటు నీటికి మరీ దగ్గరైతే మొగ దగ్గర కెరటం వెనక నుంచి కొట్టినప్పుడు తడుస్తుంది. రెండు గీతల మధ్య తేడా మీ బోటులో ఎంతుందో చెప్పు, దాన్ని బట్టి ఆలోచిద్దాం.

ఎడమకి జరిపేటప్పుడు ఇంకోటి చూడాలి. ఇంజిన్ పూర్తిగా తిప్పినా ప్రొపెల్లర్ మీ చుక్కానికి తగలకూడదు. చుక్కానిని రెండు వైపులా చివరికంటా తిప్పి కొలవండి. కానీ మరీ అంచుకి వద్దు, బోటు కుడికి ఒరిగితే ఎడమ ప్రొపెల్లర్ గాలిలోకి లేస్తుంది.

నిజాంపట్నం_సరంగు

ఎత్తి దించే బ్రాకెట్ మంచి ఆలోచనే. ఒడ్డుకి నేరుగా ఎక్కించే బోట్లకి ప్రొపెల్లర్ పైకి రావడం ఎంత అవసరమో పాతవాళ్లకి తెలుసు. 1980ల్లో బంగాళాఖాతం మత్స్య కార్యక్రమం వాళ్లు మన తీరానికి తెచ్చిన బీచ్ ల్యాండింగ్ బోట్లలోనూ ప్రొపెల్లర్ పైకి లేచే ఏర్పాటు చేశారు. మీరు ఉప్పుటేరులో కడతారు కాబట్టి అంత ఇబ్బంది లేదు, కానీ ఆటు వేళ బురదలో కూర్చుంటే బ్రాకెట్ ఎత్తి ఉండాలి.

భైరవపాలెం_మొగ

ఫిట్టర్ అన్నా, కొలిచాం. ఖాళీకీ నిండుకీ తేడా 5 అంగుళాలు. నిండు బరువు మీద చెక్క పై అంచు నీటికి 11 అంగుళాలు ఉంటుంది.

హార్బర్_ఫిట్టర్_వైజాగ్

11 సరిపోతుంది, కానీ వెనక్కి ఇద్దరు మనుషులు వచ్చి నిలబడితే ఇంకా దిగుతుంది. రెండు అంగుళాలు పైకి పెట్టు, ఖాళీ మీద 18. అప్పుడు ఖాళీ బోటులో రేకు 2 అంగుళాలు మునుగుతుంది, ఉప్పుటేరు నిలకడ నీళ్లలో అది చాలు. సముద్రంలో ఎప్పుడూ ఎంతో కొంత బరువు ఉంటుంది.

ఇక రంధ్రాలు. బ్రాకెట్ పెట్టి గుర్తు పెట్టేముందు పలక వాలు చూడు. వెనక పలక నిటారుగా ఉండదు, 12 నుంచి 14 డిగ్రీలు వాలి ఉంటుంది. బ్రాకెట్ ఆ వాలుకి చేసిందో లేదో చూసుకో. గుర్తుల మీద టేపు అతికించి, జెల్‌కోట్, అంటే ఫైబర్ మీది నునుపు పూత, పగలకుండా మొదట డ్రిల్లుని వెనక్కి తిప్పుతూ గీటు పడేదాకా ఆనించు, తర్వాత ముందుకి.

ఫైబర్_మేస్త్రి

రంధ్రాలు ఒక్కసారిగా 10 మిల్లీమీటర్లకి వేసేయకండి. ముందు 16 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, బయటి వైపు టేపు మూసి, లోపలి నుంచి సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీ నింపండి. పూర్తిగా గట్టిపడ్డాక దాని మధ్యలోంచి 10.5 మిల్లీమీటర్లతో వెయ్యండి. బోల్టు చుట్టూ 3 మిల్లీమీటర్లకు దగ్గరగా ఎపాక్సీ గోడ ఉంటుంది. రేపు నీళ్లు చొరకుండా పెట్టే సీలెంట్ పాతబడి నీళ్లు దూరినా చెక్కకి తగలవు, పైగా బిగించినప్పుడు చెక్క నలగదు. ఒక రోజు ఎక్కువ పడుతుంది, అంతే.

గాల్వెస్టన్_తెరచాప

మేస్త్రి గారి పద్ధతికి నా ఓటు. రంధ్రం బయటి అంచుని కౌంటర్‌సింక్‌తో కొంచెం గిన్నెలా చెక్కండి. జెల్‌కోట్ చుట్టూ సాలెగూడు పగుళ్లు రావు, అక్కడ సీలెంట్ ఉంగరంలా మందంగా నిలుస్తుంది.

సీలెంట్ సిలికాన్ వద్దు. పాలియురెథేన్ సముద్రపు రకం వాడండి, సికాఫ్లెక్స్ 291 లాంటిది. కొంచెం బిగించి, సీలెంట్ బయటికి వచ్చాక ఆపి, ఒకటి రెండు రోజులు ఎండనిచ్చి, ఆ తర్వాత పూర్తిగా బిగించడం నా అలవాటు. రబ్బరు వాషరులా పనిచేస్తుంది.

హార్బర్_ఫిట్టర్_వైజాగ్

ఇక్కడ మీతో ఏకీభవించను. రెండోసారి బిగించేటప్పుడు బోల్టు తిరిగితే ఎండిన సీలెంట్ తెగిపోతుంది, తెగిన చోటే కారుతుంది. ఒకేసారి పూర్తిగా బిగించడమే నయం. మీరు చెప్పిన గిన్నె ఉంటే సీలెంట్ మొత్తం బయటికి పోదు.

గాల్వెస్టన్_తెరచాప

బోల్టు తలని ఒక స్పానర్‌తో కదలకుండా పట్టి, నట్టు మాత్రమే తిప్పితే తెగదు అన్నా. కానీ ఒక్కడే పనిచేసేవాడికి అది కష్టం, ఒప్పుకుంటాను. ఇద్దరు మనుషులు లేకపోతే మీ పద్ధతే మేలు.

హార్బర్_ఫిట్టర్_వైజాగ్

సరే, అదీ నిజమే. తమ్ముడూ, మీరు ఇద్దరున్నా ఒకేసారి బిగించండి, నిషేధం అయ్యేలోపు ఇంకో పని పెట్టుకోవడం ఎందుకు.

బోల్టుల తల మీద ముద్ర చూసి కొను. ఎ4 అంటే 316, ఎ2 అంటే 304. అయస్కాంతం పెట్టి చూడమని కొందరు చెబుతారు, దాంతో ఈ రెంటికీ తేడా తెలియదు. నట్లు నైలాన్ రింగు ఉన్నవే. స్టీలు మీద స్టీలు గట్టిగా తిప్పితే మరలు ఒకదానికొకటి పట్టేసి ఇక కదలవు, కాబట్టి యాంటీ సీజ్ పేస్టు కాస్త రాసి చేత్తోనే బిగించు, గన్ను వాడకు. అల్యూమినియం బ్రాకెట్‌కి స్టీలు బోల్టు తగిలే చోట ఉప్పునీళ్లలో అల్యూమినియం తినుకుపోతుంది, తెల్లటి పొడి వస్తుంది. ఆ రంధ్రాల్లో కూడా సీలెంట్ నింపి, నైలాన్ వాషరు వెయ్యి. లోపలి ప్లేటు అల్యూమినియం అయితే అక్కడా అంతే.

పులికాట్_పడవ

ఒక చిన్న మాట. ఇంజిన్ కొక్కేల మరలు ఎంత బిగించినా అదురుకి వదులవుతాయి. ఇంజిన్‌కీ బోటుకీ కలిపి స్టీలు గొలుసు ఒకటి వెయ్యండి. గొలుసు రెండో కొస బ్రాకెట్‌కి కాదు, బోటుకే కట్టాలి.

భైరవపాలెం_మొగ

అందరికీ చాలా కృతజ్ఞతలు. కుడి వైపు చెక్క మార్పించాం, మేస్త్రి గారు ఫోన్‌లోనే మొత్తం దారి చూపించారు. ఎడమ వైపు ఎపాక్సీ రంధ్రాలు, 5083 ప్లేటు, ఎ4 బోల్టులు. నిండు బరువుకి బదులు ఇసుక బస్తాలు వేసి, తాడుతో జెట్టీకి కట్టి పూర్తి జోరు మీద నడిపాం. బ్రాకెట్ పై అంచుకీ పలకకీ మధ్య పోస్టు కార్డు కూడా దూరలేదు. ఉప్పుటేరులో పోటుకి ఎదురు కూడా బాగానే నడిచింది. ఒకటే సందేహం మిగిలింది. మొగ దగ్గర డీజిల్ ఇంజిన్ ఆగితే దీన్ని దించి స్టార్ట్ చేయడానికి ఎంత టైము పడుతుందో?

నిజాంపట్నం_సరంగు

అది మొగ దగ్గర తెలుసుకోకూడదు బాబూ. మొగలోకి వెళ్లేముందే, వచ్చేముందే, నిలకడ నీళ్లలో ఔట్‌బోర్డ్ దించి స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో పెట్టుకో. దాటాక ఆపి ఎత్తుకో. దానికి పెట్రోలు ట్యాంకు వేరే ఉంటుంది కాబట్టి డీజిల్‌లో నీళ్లు చేరినా దీనికి సంబంధం లేదు, ఆ ట్యాంకు మాత్రం ప్రతి వేటకీ చూసుకో. బోటులో ఉన్న ప్రతివాడికీ దించడం, స్టార్ట్ చేయడం వచ్చి ఉండాలి, బోటు నడిపే సరంగుకి ఒక్కడికే కాదు.

హార్బర్_ఫిట్టర్_వైజాగ్

మొదటి కొన్ని వేటలయ్యాక నట్లు ఒకసారి చూడు. స్పానర్ పెట్టి తల కదలకుండా పట్టుకుని, వదులు ఉంటేనే తిప్పు. పై రెండూ ముందు.